అతిథి – అంతస్తు

తిథి చూడక వచ్చువాడు అతిథి. నేటి పెద్ద హోటళ్లు అతడు గడిపిన తిథులనే లెక్కించుచున్నవి. 2019లో ఆరంభమైన మారియట్ బాన్‌వాయ్ పథకమున ఏడాదికి 10 రాత్రులు బసచేసిన సిల్వర్, 25కు గోల్డ్, 50కి ప్లాటినం అంతస్తులు. పై అంతస్తువారికి మెరుగైన గది ఇత్తుమందురు. అదియు ఖాళీ యున్నప్పుడే! ఆ రాత్రుల బిల్లు చెల్లించునది తరచు అతడు పనిచేయు కంపెనీయే.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలినే అర్హతగా ఎంచి అన్నము పెట్టిరి. వ్యాపారము ధర్మసత్రము కాజాలదని మే మెరుగుదుము. పాత ఖాతాదారునకు రాయితీ నిచ్చుట తప్పు గాదు. కాని ఇంటర్వ్యూ కొరకు నూజెండ్ల నుండి నగరమునకు పోయి, ఒక్క రాత్రికి గది తీసుకొను విద్యార్థికి ఆదరణ తగ్గరాదు. రాయితీలో అంతర ముండవచ్చును, మర్యాదలో ఉండరాదు.