'సోషలే కదా' అనకండి!

"సోషలే కదా... పరీక్ష ముందు రోజు ఒకసారి తిరగేస్తే చాల్లే!"

ఈ మాట వినపడని ఇల్లు అరుదు. లెక్కలకు ట్యూషను, సైన్సుకు ట్యూషను, ఇంగ్లీషుకు స్పోకెన్ క్లాసు. సాంఘిక శాస్త్రానికి మాత్రం ఒక గైడు కొని పడేస్తాం. పదో తరగతిలో లెక్కలకు నూరు మార్కులైతే దీనికీ నూరే. అయినా మన ఇళ్లలో దానిది సవతి బిడ్డ బతుకే.

పిల్లలు గడుసువాళ్లు. అమ్మానాన్నలు దేన్ని లెక్క చేయరో ఇట్టే కనిపెట్టేస్తారు. అందుకే రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ, నదుల పొడవులూ రాత్రికి రాత్రి బట్టీ వేసి, పొద్దున్నే కాగితం మీద దింపేసి, సాయంత్రానికి మరిచిపోతారు. మార్కులు బాగానే వస్తాయి. మరి పోయిందేమిటి?

పోయింది చాలానే ఉంది. పదిమందిలో ఎలా బతకాలో, ఆ పదిమంది ఇలా ఎందుకున్నారో నేర్పడానికే పెట్టిన సబ్జెక్టు ఇదొక్కటే. దీన్ని బట్టీ పట్టించామంటే, పిల్లలకు 'ఎందుకు' అని అడిగే అలవాటు తప్పించామన్నమాటే.

ఒక్క ఉదాహరణ చూడండి. శాతవాహనుల పాఠం చదివే పిల్లల్ని కదిపితే "గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులోమావి" అని గడగడా అప్పజెప్పేస్తారు. ఇంతకీ ఆ గౌతమి ఎవరు? ఆ వాసిష్ఠి ఎవరు? నాన్న పేరు కాకుండా అమ్మ పేరు ముందు పెట్టుకున్నారేం? ఈ ప్రశ్న గైడులో లేకపోతే పోనీ, పక్కన కూర్చుని కూరలు తరిగే అమ్మ అడగొచ్చు గదా!

గౌతమీ బాలశ్రీ ఆ రాజు తల్లి. కొడుకు పోయాక, మనవడు పులోమావి పాలన 19వ ఏట, ఆవిడ నాసిక్ గుహలో ఒక శాసనం వేయించింది. కొడుకు ఏయే సీమలను ఏలాడో, ఎవరెవరిని ఓడించాడో అందులో రాయించింది. శాతకర్ణి గొప్పల గురించి ఈనాడు మనకు తెలిసిందాంట్లో చాలా భాగం ఆ తల్లి చెక్కించిన అక్షరాల చలవే. ఈ సంగతి చెప్పాక మీ అమ్మాయి, "అమ్మ కదా, కొడుకు గురించి అన్నీ గొప్పలే చెప్పి ఉంటుందేమో!" అందనుకోండి. అప్పుడు మురిసిపోండి. చరిత్ర చదివేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న అదే. అమ్మ పేరు పెట్టుకున్నారు కాబట్టి అది ఆడవాళ్ల రాజ్యమా అంటే కాదు. సింహాసనం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. ఆ సంగతీ పిల్లలతో మాట్లాడొచ్చు.

'ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?' అని అడగడం ఈ రోజుల్లో మరీ అవసరం. సెల్‌ఫోన్లో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక చరిత్ర పంపుతూనే ఉంటారు. అందులో నిజమెంతో చూడకుండానే మనం ఇంకో పదిమందికి పంపేస్తుంటాం. పన్నెండేళ్లకే ఆ రెండు ప్రశ్నలు అడగడం నేర్చిన పిల్లలు రేపు ఎవరేం చెప్పినా ఊరికే తలూపరు.

మరీ చిన్నపిల్లల సంగతేమిటంటారా? మూడు, నాలుగు తరగతుల్లో 'పరిసరాల విజ్ఞానం' పేరుతో ఉండేది ఇదే. ఎనిమిదేళ్ల పిల్లకు నూరేళ్ల కిందట అన్నా, వెయ్యేళ్ల కిందట అన్నా ఒకటే. అందుకని బట్టలారేసే దండెం తాడు తీసుకోండి. ఒక జేనకు పదేళ్లు లెక్క. చివర ఈ రోజు. పాప పుట్టిన సంవత్సరం దగ్గర ఒక క్లిప్పు పెట్టండి, అది ఒక జేన కూడా ఉండదు. అమ్మ పుట్టింది నాలుగో జేన దగ్గర అయితే, అమ్మమ్మ పుట్టింది ఏ ఆరో జేన దగ్గరో. స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఎనిమిదో జేన దగ్గర పడుతుంది. మరి రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనం ఎక్కిన 1262? దానికి డెబ్బై ఆరు జేనలు కావాలి. తాడు వసారా దాటి వీధిలోకి పోతుంది! పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది. కాలమంటే ఏమిటో ఆ పూటకు దానికి అర్థమైనట్టే.

ఇక పటాలు. మన చదువుకునే రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలు. ఆ పటం మన కళ్లల్లో అలాగే నిలిచిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. అక్కడి పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. "అబ్బ, ఇవన్నీ ఎవరు గుర్తు పెట్టుకుంటారు!" అని విసుక్కునే బదులు పిల్లల్నే అడగండి. జిల్లాలు ఎందుకు చీల్చారు? దానివల్ల కలెక్టరాఫీసు మనకు దగ్గరైందా, దూరమైందా? బామ్మ పుట్టిన ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎందులో ఉంది? పటం దేవుడు గీసింది కాదనీ, మనుషులు తమ అవసరాల కోసం గీసుకున్నదనీ అప్పుడు తెలుస్తుంది. ముందుగా ఇంటి నుంచి బడికి వెళ్లే దారి గీయించండి. ఆ తరవాతే రాష్ట్రం, దేశం.

కుళాయి దగ్గర కూడా ఒక పాఠం ఉంది. ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? హైదరాబాదు పిల్లలైతే, 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిందనీ, ఆ తరవాత వరదలు ఆపడానికీ, తాగునీటికీ కలిపి గండిపేట చెరువు కట్టారనీ తెలుసుకుంటారు. గోదావరి జిల్లాల పిల్లలైతే 1847 - 1852 మధ్య కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్తారు. ఏ ఊరి నీళ్లకు ఆ ఊరి కథ ఉంటుంది. నాలుగు రోజులు కుళాయి రాకపోతే ఎవర్ని అడగాలి? మన వార్డు మెంబరు ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు మనకే తెలియకపోతే పిల్లలతో కలిసి కనుక్కుందాం. తప్పేముంది?

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. కాస్త చేదుగా ఉన్నా వినండి.

"అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది" అని ముందు గదిలో అబ్బాయి పైకి చదువుతుంటాడు. పెరట్లో కిటికీ మీద పనిమనిషికని విడిగా ఉంచిన గ్లాసు బోర్లించి ఉంటుంది. "చట్టం ముందు అందరూ సమానులే" అని అమ్మాయి రాసుకుంటుంది. భోజనాలయ్యాక అన్నయ్య చెయ్యి కడుక్కుని వెళ్లిపోతే అతని కంచం కూడా ఆ అమ్మాయే తీస్తుంది. ఈ రెండు పాఠాల్లో పిల్లలకు జన్మంతా గుర్తుండేది ఏదంటారు? పుస్తకంలోదా, పెరట్లోదా?

సాంఘిక శాస్త్రం మనకు రాదనుకుంటాం గానీ, ఇంట్లో రోజూ చెబుతూనే ఉన్నాం. ఎవరితో ఎలా మాట్లాడతామో, ఎవర్ని కుర్చీలో కూర్చోమంటామో, ఎవర్ని గుమ్మం బయటే నిలబెడతామో అంతా పాఠమే. బడిలో టీచరు నలభై నిమిషాలు చెప్పిన సమానత్వాన్ని మనం ఒక్క గ్లాసుతో కొట్టేయగలం. అదే గ్లాసుతో నిలబెట్టనూ గలం.

చదువుకున్న పాఠం పుస్తకం దాటి వస్తే ఏమవుతుందో మన ఆడవాళ్లే ఒకసారి చూపించారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వెళ్లిన పల్లెటూరి ఆడవాళ్లు ఆ వాచకాల్లో సారా వల్ల చితికిపోయే కాపురాల గురించి చదివారు. అది తమ కథేనని గుర్తుపట్టారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మా, తోటి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తేశారు, నిజమే. ఆ ఎత్తేయడం కూడా పిల్లలతో మాట్లాడాల్సిన పాఠమే. ఖజానాకు మద్యం ఆదాయం ఎందుకు కావలసి వచ్చింది, ఆ ఖర్చు ఎవరి ఇంటి మీద పడింది? అక్షరం ముక్క అప్పుడప్పుడే నేర్చిన ఆడవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించారంటే, వాళ్లు పాఠాన్ని బట్టీ పట్టలేదు గనకే!

ఇక బడి సంగతి. పుస్తకాలు మునుపటిలా లేవు. జాతీయ విద్యా ప్రణాళికా చట్రం 2005లో వచ్చాక, బట్టీ తగ్గించి చర్చలూ, పటాలూ, చుట్టుపక్కల చూసి రాసే పనులూ చేర్చారు. కానీ ఆ పనుల జవాబులు కూడా గైడులో అచ్చయి వస్తుంటే ఏం లాభం? పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు లెక్కల మార్కులతో పాటు ఇవీ అడగండి. లెక్కల సిలబస్ మిగిలిపోతే సోషల్ పీరియడు ఇచ్చేస్తున్నారా? పిల్లల్ని ఏడాదికొక్కసారైనా పంచాయతీ ఆఫీసుకో, పోస్టాఫీసుకో, దగ్గర్లోని పాత గుడికో, మ్యూజియానికో తీసుకెళ్తున్నారా? టీచర్లను తప్పుపట్టడానికి కాదు. తల్లిదండ్రులకు మార్కులు తప్ప ఏమీ పట్టవని వాళ్లూ విసిగిపోయి ఉంటారు. మనం అడిగితే వాళ్లకూ బలం వస్తుంది.

"వంటా వార్పూ అయ్యేసరికే పొద్దుపోతోంది, ఇది కూడానా?" అంటారేమో. విడిగా కూర్చోపెట్టి చెప్పమనడం లేదు. అన్నం వడ్డిస్తూ, రేషను కార్డు దిద్దిస్తూ, ఓటేసి వచ్చి వేలి మీద సిరా చూపిస్తూ చెప్పొచ్చు. పైగా ఇది అమ్మ ఒక్కదాని పనీ కాదు. పేపరు చదివే నాన్న, పాత రోజులు తలుచుకునే తాతయ్య, పంచాయతీలో ఓటేసిన అమ్మమ్మ అందరూ టీచర్లే.

లెక్కలొస్తే ఉద్యోగం వస్తుంది, కాదనను. ఆ ఉద్యోగం చేసే మనిషి తన ఇంట్లో, వీధిలో, ఓటు పెట్టె దగ్గర ఎలా ఉండాలో నేర్పేది మాత్రం ఈ సవతి బిడ్డే. ఈ రోజు నుంచి దానికీ మన పీటల వరసలో ఒక పీట వేద్దాం. పనిలో పనిగా, ఆ విడి గ్లాసు కూడా లోపలికి తెచ్చి, మన గ్లాసుల్లో కలిపేద్దాం. ఏమంటారు?