ఎ.ఎం.హెచ్. తగ్గితే పిల్లలు పుట్టరా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లయి ఎనిమిది నెలలైంది. నెలసరి సక్రమంగానే వస్తుంది. ఈమధ్య రక్తపరీక్షలో ఎ.ఎం.హెచ్. 0.6 నానోగ్రాములు అని వచ్చింది. అండాలు అయిపోయాయనీ, దాత అండంతో గర్భం తెచ్చుకోవాలనీ చెప్పారు. అందుకోసం మా అత్తగారు రెండెకరాలు అమ్ముదామంటున్నారు. నాకిక పిల్లలు కలగరా?
– ఒక సోదరి, వనపర్తి

జవాబు: ముందు ఆ పొలం అమ్మకం ఆపించండమ్మా. ఇదే భయంతో గద్వాల, నాగర్‌కర్నూలు నుంచీ ఉత్తరాలు వస్తున్నాయి కనుక కాస్త వివరంగా రాస్తాను.

అండాశయంలో ప్రతి అండమూ ఒక చిన్న సంచిలో ఉంటుంది. అండం చుట్టూ ఉండే కణాలు స్రవించే ప్రోటీనే ఎ.ఎం.హెచ్. ఎంత స్రవించాలో ఆ కణాలు వాటంతటవే నిర్ణయించుకోవు. లోపలున్న అండం జి.డి.ఎఫ్.-9, బి.ఎం.పి.-15 అనే పెరుగుదల కారకాలను పంపి వాటిచేత పని చేయిస్తుంది. ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే పెద్దలంతా లేచి తిరిగినట్టన్నమాట! సంచి 8 మిల్లీమీటర్లు దాటి పెరిగేసరికి ఈ స్రావం తగ్గిపోతుంది. కాబట్టి ఆ అంకె చిన్న సంచులు ఏపాటి ఉన్నాయో సూచిస్తుంది, అంతే. అండం మంచిదో కాదో చెప్పదు. గర్భం రావడానికి నెలకు ఒక్క అండం చాలు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ అంకె తాత్కాలికంగా తగ్గుతుంది కూడా.

2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో సంతానలేమి చరిత్ర లేని, 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలు 750 మందిని పరిశీలించారు. ఎ.ఎం.హెచ్. 0.7 కంటే తక్కువున్నవారికి ఏడాదిలోగా సహజంగా గర్భం వచ్చే అవకాశం మిగతావారికన్నా తక్కువగా కనిపించలేదు.

అలాగని నిర్లక్ష్యం వద్దు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి వెళ్లవలసివస్తే మీకు తక్కువ అండాలు దొరకవచ్చు. అందుచేత ఏళ్ల తరబడి వాయిదా వేయకుండా ఇప్పుడే స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించుకోండి. వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వాటి ఆసుపత్రులలో ఆ విభాగం ఉంటుంది. స్కానింగు, థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటినుంచే వేసుకోవచ్చు.

ఇంతకూ మీ ఉత్తరంలో మీవారి ప్రసక్తే లేదు. ఆయన వీర్యపరీక్ష జరిగిందా? దానికయ్యే ఖర్చు స్వల్పం. సంతానం ఆలస్యమైనప్పుడు ముందుగా చేయవలసిన పరీక్షల్లో అదొకటి. ఆయన రానంటే ఈ పేజీ చూపించండి.