ఊరికంటే ముందు దారి మునుగుతుంది

జులై వచ్చిందంటే చాలు, భద్రాచలం అంకెల్లోకి మారిపోతుంది. టీవీ తెర అడుగున గోదావరి నీటిమట్టం గంటగంటకూ పరుగెడుతుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3 అంటూ పాత రికార్డులు పక్కన పెట్టుకుని, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని క్రికెట్ స్కోరులా చూస్తాం. 53 దాటితే అయ్యో అంటాం. తగ్గుముఖం పట్టగానే చానెల్ మారుస్తాం.

ఇంతకీ ఆ అంకె ఎవరికి ఏం చెబుతోంది? భద్రాచలం పట్టణానికి కరకట్ట ఉంది, పెద్దాసుపత్రి ఉంది. ఎటపాక, కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లోని కోయ, కొండరెడ్డి గూడేలకు ఆ భాగ్యం లేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో 2014లో వీటిని ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. కొలత ఒక రాష్ట్రంలో, ముంపు ఇంకో రాష్ట్రంలో. 2022 ఏప్రిల్ 4న ఈ మండలాలు పాడేరు కేంద్రంగా కొత్తగా పుట్టిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. కూనవరం నుంచి పాడేరుకు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే, అదీ చాలావరకు కొండదారి. జిల్లా పుట్టి నాలుగు నెలలైనా నిండకముందే 71 అడుగుల వరద వచ్చిపడింది.

ఇక్కడి వరద తీరు వేరు. ఒడిశా కొండల్లో పుట్టిన శబరి చింతూరు మీదుగా దిగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరికి చోటివ్వదు. ఆ నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. ఆ ఎగపోటు శబరితో ఆగక, అందులో కలిసే వాగుల్లోకీ పాకుతుంది. చింతూరు నుంచి వి.ఆర్.పురం వెళ్లే దారిలో సోకిలేరు వాగు ఉంది. కింది నుంచి పోటు తగిలినా, పైన కొండల్లో రాత్రంతా కుండపోత కురిసినా అది రోడ్డెక్కుతుంది. అప్పటికి ఊళ్లో ఇళ్లు పొడిగానే ఉంటాయి, పొయ్యిలు వెలుగుతూనే ఉంటాయి. బయటికి మాత్రం దారి ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ ప్రాంతంలో ఆపద మొదలయ్యేది దారి మునిగినప్పుడు. మన హెచ్చరికలు, శిబిరాలు, సాయం లెక్కలు అన్నీ నీళ్లు గడప తొక్కే క్షణాన్ని చూసి తయారయ్యాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న గంటల్లోనే సగం నష్టం జరిగిపోతోంది.

ఆ గంటల్లో ఊరు ఎలా ఉంటుందో చూడండి. ట్రాక్టర్ ఉన్నవాడికి ఎక్కడలేని గిరాకీ. ఒక్క బండి కోసం వీధి వీధంతా కాచుకుని ఉంటుంది. ముందు బియ్యం బస్తాలు, విత్తనాలు, ఆ తర్వాతే మంచాలు, టీవీలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా కాగితాలు పాలిథిన్ కవర్లో చుట్టి ఇంటావిడ చంకన పెట్టుకుంటుంది. తలుపు రెక్కలు ఊడదీసి పట్టుకెళ్లేవాళ్లూ ఉంటారు. మెరక మీద నాలుగు కర్రలు పాతి బరకం కడతారు. దాని కింద పిల్లలు, ముసలివాళ్లు, పక్కన మేకలు, కోళ్ల గంప. కరెంటు పోతుంది. సెల్ టవర్ బ్యాటరీ ఉన్నంతసేపే సిగ్నల్. దారి ఉండగా ట్రాక్టర్ ఇంకో రెండు ట్రిప్పులు వేసి ఉంటే మిగిలే సామాను, దారి పోయాక గోదారి పాలవుతుంది.

ముందే ఖాళీ చేయమంటే వినరండీ అంటారు అధికారులు. అబద్ధం కాదు, వినరు. ఎందుకు వినరో మాత్రం అడిగేవాళ్లు తక్కువ. శిబిరంలో మనుషులకు అన్నం దొరుకుతుంది, ఎడ్లకు మేత ఎవరు వేస్తారు? 43 అడుగుల హెచ్చరిక తరచూ వచ్చేదే, వచ్చిన ప్రతిసారీ ఇల్లు వదిలితే నాట్లు ఎవరు వేస్తారు? పైగా పోలవరం పరిహారం తేలని ఇల్లు అది. ఖాళీగా కనిపిస్తే ఎవరూ ఉండటం లేదని రాసుకుపోతారేమోనన్న భయం ఒకటి. ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా మైకులో ఎన్నిసార్లు అరిచినా మనిషి కదలడు.

అధికారి మాటకంటే పాత గుర్తును నమ్మడం ఇక్కడి అలవాటు. 86లో నీళ్లు ఫలానా చింతచెట్టు దాకా వచ్చాయి, మనింటికి రాలేదు అనుకుని కూర్చుంటారు. నిన్నమొన్నటి దాకా అది పనికొచ్చిన జ్ఞానమే. 2022లో అది చెదిరింది. భద్రాచలం దగ్గర మట్టం 86 కంటే నాలుగు అడుగులు తక్కువే. అయినా తమ ఊళ్లలో 86లో రాని చోటికీ నీళ్లొచ్చాయని విలీన మండలాల జనం అన్నారు. పోలవరం కట్టడమే కారణమని వాళ్ల మాట. భద్రాచలం ముంపు మీద అదే వాదనతో తెలంగాణ మంత్రులు, కాదంటూ ఆంధ్ర మంత్రులు వారాల తరబడి మాటలు విసురుకున్నారు. ఆ తగవు తీర్చడం నా పని కాదు. కిందన అంత పెద్ద కట్టడం లేచాక, భద్రాచలంలో ఇన్ని అడుగులుంటే మా ఊళ్లో ఎక్కడిదాకా వస్తాయన్న లెక్కను మళ్లీ కొలిచి చెప్పాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిది. పాత గుర్తు చెరిగిపోయింది, కొత్త గుర్తు ఎవరూ వేయలేదు.

చట్టానికేం, ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఇలాంటి ప్రణాళికల్లో శాఖల బాధ్యతలు, కంట్రోల్ రూమ్ నంబర్లు పుష్కలంగా ఉంటాయి. ఊరికి కావలసింది ఒక్క వాక్యం: ఈ కల్వర్టు మీద నీళ్లు ఈ గీతకు వస్తే, ఈ ఇళ్లవాళ్లు, ఈ దారిన, ఈ మెరకకు చేరాలి. ఊరూరికీ ఆ వాక్యం వేరు. పాడేరులో కూర్చుని రాసేది కాదది. జిల్లా కేంద్రం మారి రంపచోడవరంలో కూర్చున్నా అంతే.

దారిని చూసి ఆలోచించడం మన యంత్రాంగానికి చేతకాదని నేననను. ఒకటి రెండు విషయాల్లో చక్కగానే చేస్తోంది. కాన్పు దగ్గరపడ్డ గర్భిణులను వాగులు పొంగకముందే ఆసుపత్రులకు చేరుస్తున్నారు. ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ డిపోలకు వానాకాలానికి ముందే బియ్యం తోలుతున్నారు. ఈ రెండు పనులూ నడిచేది భద్రాచలం అంకెను బట్టి కాదు, రేపు ఈ దారి ఉండదన్న ఎరుకతో. అదే ఎరుక డయాలసిస్ రోగికీ, షుగర్ మందులు వాడే ముసలాయనకూ, ఎడ్ల జతకూ, విత్తనాల బస్తాకూ వర్తించాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి లోతట్టు వాగు దగ్గరా రంగు గీతల రాతి స్తంభం పాతాలి. చదువు రానివాడికీ ఎరుపు అర్థమవుతుంది. ఏ గీతకు ట్రాక్టర్లు కదలాలో గ్రామసభలో తేల్చాలి, ఆ ట్రాక్టర్ల కిరాయి ప్రభుత్వమే జూన్‌లోనే ఖాయం చేసుకోవాలి. మెరక మీద బరకాలు, తాగునీరు, పశువులకు గడ్డి ముందే చేర్చాలి. ఇక పడవలు. వి.ఆర్.పురం మండలం పోచవరం రేవు నుంచి పాపికొండలకు బోట్లు నడుస్తాయి, వరద రోజుల్లో అవి కట్టేసి ఉంటాయి. ఎన్డీఆర్ఎఫ్ బృందం ఎక్కడో ఉన్న తన స్థావరం కొండపావులూరు నుంచి వచ్చి, ఏ చెట్టు మీదుగా వెళ్తే ప్రవాహం లాగుతుందో అప్పుడు తెలుసుకుంటుంది. ఆ సంగతి ఇక్కడి సరంగులకూ, చేపలు పట్టేవాళ్లకూ ముందే తెలుసు. వాళ్లకు శిక్షణ, లైఫ్ జాకెట్లు, సీజనంతా జీతం ఇచ్చి ఊరి దగ్గరే ఉంచుకోవాలి. ఊళ్లలో వాలంటీర్లను తయారుచేయడానికి కేంద్రం పెట్టిన ఆపదమిత్ర పథకం ఉండనే ఉంది.

అసలు చిక్కు డబ్బు దగ్గర. వరద వచ్చాక ట్రెజరీ రూల్ (టీఆర్) 27 కింద ఖజానా నుంచి అప్పటికప్పుడు డబ్బు తీసుకునే వీలు కలెక్టర్లకు ఉంది. 2022లో ముంపు కుటుంబాలకు రెండేసి వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం, పప్పు, నూనె ప్రకటించారు. వచ్చిన వరదకు ఖజానా తలుపు తెరుచుకుంటుంది. రాబోయే వరదకు పంచాయతీ కార్యదర్శి గడ్డిమోపులు కొనాలంటే అతని చేతిలో పైసా ఉండదు.

తీరంలో మనం ఇలా లేము. 1977 నవంబరు 19 తుపాను దివిసీమలో వేల ప్రాణాలు మింగింది. ఆ దెబ్బకు తుపాను షెల్టర్లు లేచాయి. ఒడిశాలో 1999 తుపానుకు దాదాపు పదివేల మంది పోతే, 2013 ఫైలిన్ నాటికి లక్షల మందిని ముందే తరలించి ఆ సంఖ్యను పదుల్లోకి దించారు. శబరి వరద అన్ని శవాలను ఒక్కరోజులో చూపించదు. ఇంటి సామాను, పంట, ఆరోగ్యం కొద్దికొద్దిగా కొట్టుకుపోతాయి. అందుకే ఇక్కడి నష్టం ఏ సంస్కరణకూ కారణం కావడం లేదు.

ఎలాగూ పోలవరంలో మునిగే ఊళ్లే కదా, వీటికి ఖర్చెందుకన్న మాట ఆఫీసు వరండాల్లో వినబడుతుంది. 41.15 మీటర్ల కాంటూరు లోపలివాళ్లు మొదటి విడత, 45.72 దాకా ఉన్నవాళ్లు తర్వాత అని చెప్పి ఏళ్లు దొర్లుతున్నాయి. పునరావాసం ఇచ్చి పంపేదాకా అక్కడ ఉండేవాళ్లు ఈ రాష్ట్ర పౌరులే. వాళ్లను కదిలించే తేదీ చెప్పలేని ప్రభుత్వం, ఆ తేదీ దాకా వాళ్లను కాపాడే ఖర్చు తప్పించుకోలేదు.

ఈ మండలాలు షెడ్యూల్డ్ ప్రాంతం, పెసా చట్టం గ్రామసభకు విలువ ఇచ్చిన చోటు. మే నెలలో ప్రతి గ్రామసభా మూడు విషయాలు తీర్మానం చేసి పంపాలి: మా దారి ఎక్కడ తెగుతుంది, తెగకముందు ఎవరెవరు కదలాలి, అందుకు మా చేతికి ఎంత కావాలి. కలెక్టర్ వరద సమీక్ష ఆ కాగితాలతో మొదలవ్వాలి. ఏ ఊరి తీర్మానం మీదైనా డబ్బు మంజూరు కాకుండా జూన్ దాటితే, ఆ ఏటి నష్టాన్ని ప్రకృతి ఖాతాలో రాయకండి.