ఇరవైకి ఒక గాటు

క్రికెట్ చూసే మనకి 'స్కోర్' కొత్త మాటేం కాదు. కానీ పాత ఇంగ్లిష్‌లో స్కోర్ అంటే అచ్చంగా 20. త్రీ స్కోర్ అంటే 60, ఫోర్ స్కోర్ అంటే 80. త్రీ స్కోర్ అండ్ టెన్ అంటే 70. హాయిగా సెవెంటీ అనొచ్చు కదా, ఎందుకీ డొంకతిరుగుడు? అక్కడే నాకు ఆసక్తి మొదలైంది.

ఈ మాట స్కాండినేవియా వైపు నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అసలు అర్థం గాటు. గొర్రెల్ని లెక్కపెడుతూ ఇరవై అవగానే కర్ర మీద ఒక గాటు పెట్టేవాళ్లట. అలా గాటే ఇరవై అయిపోయింది. తొలిరోజుల క్రికెట్‌లోనూ పరుగుకో గాటు చొప్పున కర్ర మీదే లెక్క ఉంచేవాళ్లు. అంటే మన ఫోన్‌లో మెరిసే స్కోరు కూడా ఆ గాట్ల వంశమే! ఇంగ్లండ్ ఖజానా అయితే శతాబ్దాల పాటు గాట్ల కర్రల్నే రసీదులుగా వాడింది. చివరికి 1834లో ఆ పాత కర్రల్ని పార్లమెంటు భవనం కింద కొలిమిలో తగలబెడితే, మంట అదుపు తప్పి భవనమే కాలిపోయింది. పాత డేటా డిలీట్ చేసేవాళ్లందరికీ ఈ కథ చెప్పాలి.

స్కోర్ అనే మాటకి అసలు వైభవం తెచ్చింది అబ్రహాం లింకన్. 1863 నవంబర్ 19న గెటిస్‌బర్గ్‌లో, అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానం దగ్గర మాట్లాడుతూ, తమ దేశం పుట్టి నాలుగు ఇరవైలూ ఏడేళ్లూ అయిందని మొదలుపెట్టాడు. అదే ఏడాది జులైలో అప్పటికప్పుడు మాట్లాడినప్పుడు ఇదే విషయాన్ని ఎనభై చిల్లర ఏళ్లని తేల్చేశాడు. నవంబర్‌కి చిల్లర పోయి లెక్క పక్కాగా వచ్చింది.

ఇప్పుడు తీసివేత చేయండి. 1863లోంచి 87 తీస్తే 1776. అది స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడాది. రాజ్యాంగం రాసింది 1787లో, అందులో బానిసత్వానికి చోటిచ్చారు. మనుషులంతా సమానమన్న మాట ఉన్నది 1776 ప్రకటనలో. దేశం పుట్టిన తేదీగా లింకన్ దేన్ని ఎంచుకున్నాడో ఆ లెక్కలోనే ఉంది. పైగా బైబిల్ మనిషి ఆయుష్షుని త్రీ స్కోర్ అండ్ టెన్ అంటుంది. ఆ భాష వింటూ పెరిగిన జనానికి, 87 అంటే ఒక జీవితకాలం దాటిపోయిందని తట్టకుండా ఉంటుందా? ఆ ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో చివరివాడు 1832లోనే పోయాడు. తెలుగులో 'ఎనభై ఏడేళ్ల క్రితం' అని అనువదిస్తే లెక్క తప్పదు గానీ, ఆ గంభీరత మాత్రం జారిపోతుంది.

ఈ రోజుల్లో స్కోర్ ఎక్కువగా వార్తల్లోనే బతుకుతోంది. ప్రమాదంలో 'స్కోర్స్' గాయపడ్డారంటే ఇరవై మంది అని కాదు, పదుల సంఖ్యలో అని. తొందరలో ఫార్వర్డ్ చేసేవాళ్లు దీన్ని వందలు చేసేస్తుంటారు. అలాంటి మెసేజ్ ఆ ఊళ్లో తమవాళ్లున్న ఇంటికి చేరితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

'ఫోర్ట్‌నైట్' అంటే గేమ్ మాత్రమే కాదు. పద్నాలుగు రాత్రులు, అంటే రెండు వారాలు. మన పక్షానికి దగ్గర చుట్టం. మన ఆఫీసుల్లో ఇంకా బాగానే నడుస్తోంది గానీ అమెరికా వాళ్లు పెద్దగా వాడరు. అందుకే క్లయింట్‌కి మెయిల్ రాసేటప్పుడు నేను 'టూ వీక్స్' అనే రాస్తాను.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది మాత్రం పాతగా కనిపించని మాట: బిలియన్. బ్రిటన్‌లో ఒకప్పుడు బిలియన్ అంటే లక్ష కోట్లు. 1974లో అక్కడి ప్రభుత్వం అమెరికా లెక్కకి మారి, వంద కోట్లు చేసింది. అంతకుముందు లండన్‌లో అచ్చయిన పుస్తకంలో బిలియన్ కనిపిస్తే, ముందు అచ్చు సంవత్సరం చూసుకోండి. తేడా వెయ్యి రెట్లు.