ఇంకొక్క భాగం మారిస్తే చాలు

మన సంస్థలో ఒక చిన్న పంపు మార్చాలన్నా ఎంత తతంగం ఉంటుందో పాఠక మిత్రులకు తెలియనిది కాదు. ముందుగా ప్రతిపాదన పత్రం సిద్ధం కావాలి. పాత పంపు ఎందుకు పనికిరాదో, కొత్తది ఎందుకు అవసరమో సహేతుకంగా వ్రాయాలి. ఆర్థిక విభాగం వారి సమ్మతి పొందాలి. టెండరు కమిటీ కూర్చోవాలి. ఈ జాప్యాన్ని గూర్చి ముప్పై సంవత్సరాలుగా విసుక్కుంటూ వచ్చిన వారిలో మేమూ ఒకరం. అయితే ఆ తతంగంలో ఎంత వివేకం దాగి ఉన్నదో ఇటీవల మా ఇంటిలోని ఒక యంత్రం మాకు బోధించింది. అది ఆటల కోసం సమకూర్చుకున్న కంప్యూటరు.

2020లో కళాశాలలు మూతపడినప్పుడు ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి కోసం దానిని కొన్నాము. చదువుకూ ఆటకూ కూడా పనికివచ్చేలా, విడిభాగాలు విడివిడిగా తెప్పించి, తండ్రీ కొడుకులం కలిసి క్వార్టరులోని ముందు గదిలో నేలమీద కూర్చుని బిగించాము. మొత్తం 72,000 రూపాయలు అయినది. మొదటిసారి మీట నొక్కగానే తెర వెలిగిన క్షణంలో కలిగిన ఆనందం, ఒక యూనిట్‌ను విజయవంతంగా ప్రారంభించినప్పటి ఆనందానికి ఏమాత్రం తీసిపోదు. చెప్పవలసి వస్తే, అసలు చిక్కు అక్కడే మొదలయినది.

2022లో అబ్బాయి ఉద్యోగరీత్యా పుణె వెళ్ళాడు. యంత్రం మాకు మిగిలింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణెపు వ్యవస్థ తన విధానాన్ని మార్చుకొనడంతో, దాని తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డులను వాడవలసిన పని లేకుండా పోయింది. అంతకు ముందు రెండేళ్ళు ఆకాశంలో ఉన్న కార్డుల ధరలు దిగివచ్చాయి. "అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఆడుకుంటాడు" అని మా శ్రీమతికి చెప్పి, నవంబరులో 46,000 రూపాయలకు కొత్త కార్డు తెప్పించాము.

పాత కార్డుకు 125 వాట్లు సరిపోయేవి. కొత్తది 220 వాట్లు కోరుతుంది. మా 450 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్. ఆ భారాన్ని మోయలేక ఆట మధ్యలో యంత్రం ఆగిపోసాగింది. కనుక 750 వాట్లది కొన్నాము. వేడి పెరిగింది. కనుక గాలి బాగా ఆడే క్యాబినెట్టు, ఫ్యాన్లు కొన్నాము. కార్డు క్షణానికి 100కు పైగా చిత్రాలను గీస్తుండగా పాత మానిటరు 60 మాత్రమే చూపుతున్నది. కనుక 144 చూపగల మానిటరు కొన్నాము. అప్పుడు ప్రాసెసరు వెనుకబడింది. కొత్త తరం ప్రాసెసరు పాత మదర్‌బోర్డులో కూర్చోదు. కొత్త మదర్‌బోర్డు పాత డి.డి.ఆర్.4 మెమరీని అంగీకరించదు. కనుక మూడూ ఒకేసారి మార్చాము. చివరకు 2024 ఏప్రిల్‌లో, ఇంత ఖరీదైన యంత్రానికి కరెంటు పోతే ప్రమాదమని పెద్ద యు.పి.ఎస్. కొన్నాము.

కర్మాగారాలలో పనిచేసే మనకు ఈ వరుస కొత్తది కాదు. ఏ ఉత్పత్తి మార్గంలోనైనా అతి తక్కువ సామర్థ్యం గల దశయే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ దశను విస్తరిస్తే అడ్డంకి తొలగిపోదు, పక్క దశకు మారుతుంది. అందుచేత ఎంత ఉత్పత్తి కావాలో ముందుగా నిర్ణయించుకొనకుండా అడ్డంకులను తొలగించడానికి పూనుకొన్నవానికి ఆ పని ఎన్నటికీ పూర్తికాదు. మేము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. మా యంత్రానికి లక్ష్యమంటూ లేదు, ఎప్పటికప్పుడు ఒక బలహీనమైన భాగం మాత్రం కనిపిస్తూ ఉండేది.

ఈ జాడ్యం కంప్యూటర్లతో పుట్టినది కాదు. 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత డిడెరోకు ఒక చక్కని ఎర్రని అంగీ లభించిందట. దాని పక్కన ఆయన గదిలోని పాత కుర్చీ, బల్ల, తెరలు వెలవెలబోయాయి. ఒక్కొక్కటిగా అన్నింటినీ మార్చి, చివరకు తన పాత అంగీని తలచుకుని విచారిస్తూ ఆయన ఒక వ్యాసం వ్రాశాడు. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త ఈ ధోరణికి ఆ రచయిత పేరే పెట్టాడు. డిడెరోకు లేని ఇబ్బంది ఒకటి మనకున్నది. కుర్చీలు రెండేళ్ళకొకసారి రెట్టింపు మెరుగు కావు. ఒక చిప్‌పై అమర్చగల భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతుందని 1965లో గోర్డన్ మూర్ ఊహించాడు. 1975లో దానిని రెండేళ్ళకొకసారి అని సవరించాడు. ఆ పరుగులో పడిన పరిశ్రమ మనం నిన్న కొన్నదానిని రేపటికి పాతదిగా చూపుతూనే ఉంటుంది.

పరుగుకు మూల్యం విద్యుత్తులోనూ కనిపిస్తుంది. 2016లో వెలువడిన మేటి కార్డులలో ఒకటైన జి.టి.ఎక్స్. 1080 కు 180 వాట్లు చాలేవి. 2025 జనవరిలో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5090 కు 575 వాట్లు కావాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఇది ఏడు ఫ్యాన్లకు మించిన భారం.

మరి ఇంత చేసి పొందేది ఎంత? లెక్క వేసి చూద్దాం. క్షణానికి 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కొక్క చిత్రం 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 అయితే 6.9 మిల్లీసెకన్లు. అంటే దాదాపు 9.7 మిల్లీసెకన్ల లాభం. ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది. 144 నుండి 240 కి పోతే లాభం 2.8 మాత్రమే. 240 నుండి 360 కి పోతే 1.4 మాత్రమే. ఖర్చు మెట్టు మెట్టుకూ పెరుగుతుంది, లాభం మెట్టు మెట్టుకూ కుదించుకుపోతుంది. పోటీలలో ఆడే నిపుణులకు ఆ చివరి మిల్లీసెకను విలువైనది కావచ్చు. యాభై దాటి, చత్వారపు కళ్ళద్దాలతో ఆడే మాకు దానితో పనేమిటి?

నిజానికి మేము ఆడినది తక్కువ. ఆటలో ఒక వీధిలోకి వెళ్ళి నిలబడి, తెర మూలన కనిపించే చిత్రాల సంఖ్య 97 నుండి 112 కు పెరిగిందా లేదా అని చూసుకుని యంత్రాన్ని ఆపేసేవాళ్ళం. ఒకనాడు మా శ్రీమతి కాఫీ ఇస్తూ, "ఏమండీ, మీరు ఆట ఆడగా నేనెప్పుడూ చూడలేదు. అంకెలు చూసుకోవడమే చూశాను" అన్నది. మేము నవ్వి ఊరుకున్నాము.

నవ్వు ఆగిపోయిన రోజు తరువాత వచ్చింది. మా ఇంట జమాఖర్చుల పుస్తకం ఒకటి ఉన్నది. అందులో యు.పి.ఎస్. తాలూకు 6,500 రూపాయలు వ్రాస్తుండగా, అదే పుటలో పైన మా చేతివ్రాతలోనే ఒక వాక్యం కనిపించింది: "అమ్మ ఇన్వర్టరు బ్యాటరీ, వచ్చే నెల." వెనుక పుట తిప్పితే అక్కడా అదే వాక్యం. దాని వెనుక పుటలోనూ అదే. తెనాలి దగ్గర మా స్వగ్రామంలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ, ఫిబ్రవరిలోనే బ్యాటరీ పాడయిందని చెప్పింది. ఆమె వయస్సు 81 సంవత్సరాలు. వేసవి మొదలయినది. మేము మాత్రం కరెంటు పోతే ఆట ఆగకూడదని ఏర్పాటు చేసుకున్నాము.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే, "నాకేం ఫర్వాలేదులే నాయనా, కరెంటు పోయినప్పుడు వరండాలో మంచం వేసుకుంటున్నాను. నీకు ఖర్చులుంటాయిగా" అన్నది. ఏ ఖర్చులో చెప్పడానికి మాకు నోరు రాలేదు. మరునాడే తెనాలిలోని దుకాణం వారికి 17,500 రూపాయలు పంపి బ్యాటరీ పెట్టించాము. ఆ రాత్రి పుస్తకం ముందు వేసుకుని కూడిక చేశాము. యంత్రం మొదటి ఖరీదు 72,000. ఆ పైన మార్పులకు అయినది 1,42,000. ఒక్కసారి అడిగితే ఇంత మొత్తానికి మేమే ఒప్పుకునేవాళ్ళం కాదు. భాగాలుగా అడిగింది కనుక ఒప్పుకున్నాము.

ఇంటిలో ప్రతిపాదించేదీ మేమే, ఆమోదించేదీ మేమే కావడమే ఈ అనర్థానికి కారణమని తోచింది. కనుక సంస్థ పద్ధతినే ఇంటికి తెచ్చుకున్నాము. ఏ భాగమైనా కొనదలచితే, అది లేనందువల్ల ఏ పని ఆగిపోయిందో ఒక కాగితం మీద వ్రాయాలి. వ్రాసిన తరువాత 90 రోజులు ఆగాలి. ఈలోగా దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చి చూడాలి. చాలా సందర్భాలలో రోగం అక్కడే కుదురుతుంది. ఆ పైన ఆర్థిక సమ్మతి మా శ్రీమతిది.

మార్పు ఎన్నడూ వద్దని మా అభిప్రాయం కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 కు ఉచిత భద్రతా సవరణల సాధారణ గడువు ముగిసినప్పుడు, శ్రీమతి బ్యాంకు పనులకు వాడే పాత కంప్యూటరు కొత్త విండోస్‌కు అర్హం కాలేదు. కాగితం మీద కారణం వ్రాయడానికి రెండు నిమిషాలు పట్టింది, సమ్మతి వెంటనే లభించింది. అవసరం ఉన్నచోట కారణం తనంతట తానే వ్రాయబడుతుంది. మూలనపడిన మా పాత కార్డు, మదర్‌బోర్డు పక్క క్వార్టరు వారి అమ్మాయి యంత్రంలో నేటికీ పనిచేస్తున్నాయి. పూర్తిగా పాడయిన వాటిని మాత్రం పాత సామాన్ల వారికి కాక, గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇచ్చాము.

మొన్న దసరాకు అబ్బాయి వచ్చాడు. యంత్రాన్ని చూసి, "ఇంత ఎందుకు నాన్నగారూ! నేనిప్పుడు ఆడటమే తక్కువ" అన్నాడు. ఆ రాత్రి అతని ల్యాప్‌టాప్‌నూ మా యంత్రాన్నీ కలిపి, 1999లో వెలువడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగాన్ని ఇద్దరమూ మూడు గంటల సేపు ఆడాము. ఆ పాత ఆటకు మా యంత్రం ఫ్యాను శబ్దమైనా పెంచలేదు. తెర మూలన అంకెలు కనబడే ఏర్పాటును మేము ముందే తీసివేశాము. రెండు ఆటలలోనూ మేమే ఓడిపోయాము.