షుగరుకి నడకా, మాత్రల డబ్బాలూ

"ఇంటెడు చాకిరీ చేస్తున్నాం, మళ్ళీ వ్యాయామం ఎందుకండీ?" అంటారు మన ఆడవాళ్ళు. కాలు ఒకచోట నిలవదు, నిజమే. కానీ ఆ చాకిరీలో సగం స్టవ్ ముందు నిలబడి చేసేదే కదా! షుగరు వున్నవాళ్ళకి కావలసింది కాస్త ఆయాసం వచ్చే నడక. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం. రోజుకి అరగంట చొప్పున వారానికి 150 నిమిషాలు నడవాలి. వరుసగా రెండు రోజులకి మించి మానకూడదు. పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటుంది. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులే వుంటుంది మరి.

నలభై దాటాక కండ కరుగుతూ వస్తుంది కాబట్టి నడక ఒక్కటీ చాలదు. వారానికి రెండు మూడు సార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోండి. లీటరు నీళ్ళ సీసాలు చెరొక చేత్తో పట్టుకుని ఎత్తి దించండి. జిమ్ములకి డబ్బులు పోయక్కర్లేదు.

ఇక మా ఏ.ఎస్. రావు నగర్‌లో నలుగురు చేరితే మెగ్నీషియం, జింకు, క్రోమియం మాత్రల కబుర్లే! తెలిసిన పిన్నిగారొకరు ఆ డబ్బాని నమ్మి, డాక్టరిచ్చిన మాత్ర మానేశారు. నెల తిరిగేసరికి షుగరు 300 దాటింది. ఒంట్లో లోపం లేనివాళ్ళకి ఈ మాత్రలతో షుగరు అదుపులోకొస్తుందనడానికి గట్టి రుజువు లేదు. లోపం వుంటే డాక్టరే రాస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి మెగ్నీషియం మాత్ర ప్రమాదం కూడా. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటలు ఎడం పెట్టాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గవచ్చు. అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఆ పరీక్ష అడగండి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి మెగ్నీషియం 370 మిల్లీగ్రాములు, జింకు 13.2 మిల్లీగ్రాములు కావాలి. రాగులు, జొన్నలు, నువ్వులు, పొట్టు మినుములు, సెనగలు, తోటకూర ఇంట్లో ఆడుతుంటే చాలావరకు అందుతాయి. రాగి జావ అన్నారు కదా అని చెంబుడు తాగకండి, అదీ పిండి పదార్థమే!

ఇన్సులిన్‌గానీ, గ్లిమిపిరైడ్ మాత్రగానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో నడకకి వెళ్ళొద్దు. మూడు చెంచాల పంచదార పొట్లం కట్టి దగ్గరుంచుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి. హవాయి చెప్పులు వద్దు, వేళ్ళు మూసుకునే బూట్లు తొడుక్కోండి. చీర మీద బాగుండవని మా వీధిలో కొందరు మొహమాటపడ్డారు గానీ, ఇప్పుడందరూ వాటితోనే వస్తున్నారు.