శస్త్రచికిత్స ఉచితం.. నడక సొంత ఖర్చు

* డిశ్చార్జితోనే ముగిసిపోతున్న ఆరోగ్య బీమా ధీమా
* ఫిజియోథెరపీకి చేతి డబ్బే గతి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: విజయవాడ జాతీయ రహదారి మీదుగా వచ్చేవారికి నగర ముఖద్వారం ఎల్బీనగర్. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే రోడ్డు ప్రమాద క్షతగాత్రులు, పక్షవాత రోగులు చాలామంది ముందుగా చేరేది ఈ చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని విరిగిన తొడ ఎముకకు రాడ్డు వేయించుకోవడం పేదవాడికి ఇప్పుడు అసాధ్యం కాదు. అసలు చిక్కు ఇంటికి వెళ్లాకే మొదలవుతోంది. మడత పడని మోకాలు, పైకి లేవని చెయ్యి, పట్టు చిక్కని వేళ్లు మళ్లీ దారికి రావాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు ఫిజియోథెరపీ అవసరం. అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం వంటి నిత్యకృత్యాలను తిరిగి నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. ఈ రెండింటి ఖర్చూ కుటుంబం నెత్తినే పడుతోంది.

పడక చుట్టూ అల్లిన పథకం

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమై, 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న కుటుంబ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే పథకం స్వరూపమే ఆసుపత్రిలో చేరిక చుట్టూ అల్లుకున్నది. చేరిక నుంచి డిశ్చార్జి వరకు ఒక ప్యాకేజీ, ఆపై కొద్ది రోజుల మందులు, ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలోఅప్.. ఇదీ దాని తీరు. 2018లో మొదలై 2021లో తెలంగాణలోనూ అమలులోకి వచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ ఇదే బాట. డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకే దాని అండ. నెలల తరబడి ఓపీలో సాగే థెరపీ సాధారణంగా ఈ చట్రాల్లోకి రాదు. పరిమితి 5 లక్షలైనా, 10 లక్షలైనా ఈ రోగికి ఒరిగేది లేదు.

సిట్టింగుకు 400 రూపాయలు అనుకున్నా, నెలకు 20 సిట్టింగులకు 8 వేలు. ఆటో కిరాయి, తోడు వచ్చేవారి కూలి నష్టం దీనికి అదనం. రెండో నెలకే మానేసేవారి పరిస్థితి ఊహించడం కష్టం కాదు. పక్షవాతం వచ్చిన తొలి కొన్ని నెలల్లోనే కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ గడువు జారిపోతే ప్రభుత్వం లక్షలు వెచ్చించి నిలిపిన ప్రాణం మంచానికే పరిమితమవుతుంది.

ఉన్నవి దూరం.. అందేవి కొందరికే

నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ - అమీర్‌పేట మెట్రో వచ్చాక నిమ్స్‌కు దారి సులువైంది. కానీ ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషికి ఇంటి నుంచి స్టేషన్ వరకు చేరడమే గగనం. బస్తీ దవాఖానాలు ఇళ్లకు చేరువగా ఉన్నా అవి ప్రధానంగా వైద్యుడి పరీక్షకు, మందులకు, రక్త పరీక్షలకు ఉద్దేశించినవి.

ఈఎస్ఐ కార్డు ఉంటే ఓపీ సేవలకూ రక్షణ ఉంటుంది. నెల వేతనం 21 వేల రూపాయల లోపు ఉండి, చందా చెల్లించే సంస్థలో పనిచేసేవారికే ఆ భాగ్యం. ఆటో డ్రైవరు, అడ్డా కూలీ, ఇళ్లలో పనిచేసే మహిళ దాని పరిధికి బయటే ఉండిపోతున్నారు.

ఓపీ థెరపీకి డబ్బిచ్చే ప్రభుత్వ బీమా ఒకటుంది. అది నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ'. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. అందులో థెరపీలకు విడిగా కొంత పరిమితి ఉంది. ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు. అయితే మొదట సొంతంగా చెల్లించి, తరువాత బిల్లులు పంపి రాబట్టుకోవాలి. పక్షవాత రోగికి, ప్రమాద బాధితుడికి ఇది వర్తించదు. చిన్నారులకు సర్కారు బడుల పరిధిలోని భవిత కేంద్రాలు, బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు కొంత ఆసరా.

దారి లేకపోలేదు

ఓపీ థెరపీకి బీమా ఇస్తే దొంగ బిల్లులు పుట్టుకొస్తాయన్న అనుమానం సహజమే. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా ఈ భయంతోనే 1997 చట్టంతో థెరపీకి వార్షిక పరిమితి విధించింది. 2018లో దాన్ని ఎత్తివేసి, ఖర్చు ఒక స్థాయి దాటితే అవసరాన్ని ధ్రువీకరించే పద్ధతి కొనసాగించింది. రోగి వాటా సాధారణంగా 20 శాతం.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఆరోగ్యశ్రీలోనే నమూనాలున్నాయి. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు వచ్చి, చికిత్స పొంది అదే రోజు ఇంటికి వెళ్తాడు. ఖర్చు పథకానిదే. వినికిడి లోపమున్న చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ చేయించినప్పుడు, తరువాతి మాట నేర్పే థెరపీకి కూడా పథకమే చెల్లించింది. శిక్షణ లేకుంటే యంత్రం వృథా అని అప్పుడు గుర్తించారు. థెరపీ లేకుంటే రాడ్డు వేసిన కాలు సంగతీ అంతే.

జబ్బును బట్టి ఇన్ని సిట్టింగులని నిర్ణయించి, ప్రతి హాజరుకు వేలిముద్ర తీసుకుని, సమీప కేంద్రంలో చేయించుకునే వీలు కల్పిస్తే దుర్వినియోగానికి చాలావరకు కళ్లెం పడుతుంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టుల నమోదుకు మార్గం వేసింది. అర్హులెవరో తేల్చడం ఇకపై పెద్ద సమస్య కాబోదు. బస్తీ దవాఖానాల్లో వారానికి ఒకటి రెండు రోజులైనా థెరపిస్టు సేవలు అందిస్తే ఆటో కిరాయి భారమైనా తగ్గుతుంది.

అంతవరకు రోగి బంధువులు చేయగలిగింది ఒకటుంది. డిశ్చార్జికి ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఫాలోఅప్ వర్తిస్తుందో లేదో అడగాలి. ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలను థెరపిస్టు చేత రాయించుకుని, ఒకటికి రెండుసార్లు చేసి చూపించమనాలి. శస్త్రచికిత్స విజయవంతమైందని రికార్డుల్లో రాసుకున్నంత మాత్రాన చాలదు. ఆ మనిషి తిరిగి పనికి వెళ్లిన రోజే పథకం నెరవేరినట్లు.